ఓజపని: ఆదిలాబాదు కొండలలోని ఇత్తడిపోత

హైదరాబాదునకు ఉత్తరమున కుత్బుల్లాపూరు, కొంపల్లి, మేడ్చలు ప్రాంతముల నొరసికొని పోవు రాజమార్గమును నేడు 44వ జాతీయ రహదారి యందురు. ఇది కామారెడ్డిని గడచి, సోన్ వద్ద గోదావరిని దాటి, నిర్మల మీదుగా ఆదిలాబాదు చేరును. గుడిహత్నూరు వద్ద ఈ మార్గమును విడిచి తూర్పునకు మరలినచో ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు వరుసగా వచ్చును. అక్కడ నేల ఎగుడుదిగుడై, టేకుచెట్ల నడుమ సత్మాల కొండలు కానవచ్చును. ఇవి సహ్యాద్రి యొక్క తూర్పు కొసలు. ఈ కొండపల్లెలలో జైనూరు చెంతనున్న ఉషేగాం ఒకటి. మైనముతో బొమ్మను చేసి, మైనమును కరగించి, ఆ ఖాళీలో ఇత్తడిని పోయు విద్య వంశక్రమముగా నిలిచియున్న కొలది తావులలో ఇది ముఖ్యమైనది. కేస్లాగూడ మొదలగు తావులలోను ఈ పనివారు కలరు.

ఒకే బాటకు రెండు కొసలయందును ఒకే విద్య యుండుట విచిత్రము. కుత్బుల్లాపూరునకు చేరిన జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలే నేటి యంత్రనిర్మాణమునకు ఆటపట్టులు. యంత్రనిర్మాణమున మిక్కిలి సూక్ష్మమైన కొలతలు గల లోహభాగములను పోతపోయుటకు నేటికిని వాడు పద్ధతులలో మైనపుపోత యొకటి. విమానయంత్రముల లోపల తిరుగు రెక్కలను గూడ ఈ పద్ధతిననే పోయుదురు. అక్కడ మైనపు ప్రతిమను లోహపుటచ్చులో వత్తి వేలకొలది ఒకే తీరుగా తీయుదురు. పైపూతకు మన్నునకు బదులు పింగాణివంటి పదార్థమును వాడుదురు. కొండపల్లెలో మైనపు బొమ్మను చేతితో ఒక్కటొక్కటిగా చేయుదురు. భేదము ఇంతే, కాని విద్యయొక్క బ్రదుకంతయు ఈ భేదముననే యున్నది.

ముందుగా పేరును విచారింపవలసియున్నది. అంగడులలోను, ప్రభుత్వపు కాగితములలోను ఈ వస్తువులకు ‘డోక్రా’ యని పేరు. 2018లో భౌగోళిక సూచికల పట్టికకు ఎక్కినదియు ‘ఆదిలాబాద్ డోక్రా’ యను పేరే. ఈ మాట వంగ, ఉత్కళ దేశములలో ఊరూరు తిరుగుచు ఇత్తడి పోతపోయు ‘ధోక్రా డామర్’ అనువారి పేరునుండి వచ్చినది. వస్తువుల వర్తకముతోబాటు అది బస్తరునకును, అటనుండి మన కొండలకును పాకినది. ఆదిలాబాదు గోండులు తమ పనివారిని పిలుచు పేరు వేఱు. వారు వోజ, వోజారి యందురు. తెలుగున ఓజులని వ్రాయుట పరిపాటి.

ఓజ శబ్దము తెలుగువారికి క్రొత్తది కాదు. సంస్కృతమున ఉపాధ్యాయుడు ప్రాకృతమున ‘ఉవజ్ఝాయ’ యై, తెలుగున ‘ఒజ్జ’ యైనాడు. పూర్వము వీధిబడిలో పిల్లలు దిద్దుకొనుటకై గురువు వ్రాసియిచ్చు మేలుబంతికి ఒజ్జబంతి యని పేరుండెను. చేతిపనియందు ఒజ్జయనగా చేసిచూపి నేర్పువాడు. కన్నడదేశపు శాసనములలో శిల్పుల పేళ్లచివర ఓజశబ్దము తఱుచుగా కనబడును. బేలూరు చెన్నకేశవాలయమున పనిచేసిన బళ్లిగావె దాసోజుని పేరు ప్రసిద్ధము. తెలంగాణమునందలి విశ్వకర్ముల ఇంటిపేళ్లలో నేటికిని ‘ఓజు’ తో ముగియునవి యెన్నియో కలవు. మధ్యభారతమున ఓఝా యనగా మంత్రగాడను అర్థమును గలదు. కాని ఇత్తడిని పోతపోయువానికి శిల్పివాచకమైన ఓజశబ్దమే యుక్తముగా తోచుచున్నది. ఎట్లైనను, చేయువాని పేరునుండి పుట్టిన మాట యుండగా, దూరదేశపు వర్తకులమాటను వాని పనికి తగిలించుట న్యాయము కాదు. కావున ఈ వ్యాసమున దీనిని ఓజపని యనియే వ్యవహరించుట.

గోండులు తమ్ము కోయితూరులమని చెప్పుకొందురు. వారి భాష ద్రావిడభాషలలో తెలుగున్న శాఖకే చెందినది. అనగా కన్నడ తమిళములకంటె తెలుగునకు దగ్గఱి చుట్టము. ఆ కొండలలో గోండులతోబాటు కోలాములు, నాయకపోడులు, పరధానులు, తోటీలు కలరు. వీరిలో పరధానులును తోటీలును గోండుల గోత్రకథలను పాడు గాయకులు. పరధానుడు కికిరి యను తంత్రీవాద్యమును కమానుతో వాయించుచు, పహండి కుపార్ లింగల్ దేవతలను గుహనుండి విడిపించిన కథను, నాలుగుదేవతలవారు, ఐదుదేవతలవారు, ఆఱుదేవతలవారు, ఏడుదేవతలవారు అను నాలుగు సగల పుట్టుకను పాడును. కథను పరధానుడు నిలుపును. ఆ కథలోని దేవతకు కంటికి కనబడు రూపమును ఓజుడు ఇచ్చును. ఒకడు నోటితోను, వేఱొకడు చేతితోను ఒకే సంగతిని భద్రపఱచువారు. గోండుల గోత్రదేవతకు పెర్సపేన్ అని పేరు. ‘పెర్స’ యన పెద్ద. తమిళమునందలి ‘పెరియ’ దీనికి తోడబుట్టువు. పేన్ అన దేవత. ఈ దేవతకు ముఖ్యచిహ్నములు ఇనుపబల్లెపు మొనయు, తెల్లని చామరమును. వీని తోడ నుంచు చిఱుగంటలు, గజ్జెలు, గుఱ్ఱములు, దీపములు, ఇంటిదేవతల చిన్నప్రతిమలు ఇత్తడిపోతవి. వీనితోబాటు ఓజులు ఎడ్లమెడలకు గంటలను, స్త్రీలకు కడియములు మొదలగు నగలను పోసియిచ్చెడివారు.

ఇక పని జరుగు తీరు. మొదట మెత్తని మన్నును జల్లించి, ఊకయో పేడయో కలిపి, బాగుగ మర్దించి, చేయదలచిన వస్తువునకు లోగుజ్జు చేయుదురు. ఏనుగు కావలసినచో ఏనుగువలె, గంట కావలసినచో గంటవలె. కాని రవంత సన్నముగా. పైని పట్టింపబోవు ఇత్తడి మందమునకు చోటు విడువవలెను గదా. ఈ గుజ్జును నీడను ఆఱనిత్తురు. ఎండలో పెట్టినచో నెఱ్ఱెలు పాఱును. మన్నులోని ఊక కాలిపోయి సన్నని రంధ్రములేర్పడుటచే, పోతపోయునప్పుడు పుట్టు ఆవిరులు ఆ దారిని బయటికి పోవును. ఊక తక్కువైనచో గాలి చిక్కుకొని పోత బుడిపెలెత్తును, లేదా అచ్చు పగులును. మన్ను పాలెంతయో, ఊక పాలెంతయో తూచి చెప్పువారు లేరు. పిడికిటబట్టి నొక్కి చూచుటయే కొలత.

తరువాతిది మైనపుపని. తేనెమైనమును గుగ్గిలము వంటి బంకతో కలిపి కరగించి వడియగట్టుదురు. బంక కలుపనిచో మైనము వేసవిని జాఱిపోవును, చలికాలమున విఱిగిపోవును. దీనిని పలకమీద దొర్లించియో, రంధ్రముగల గొట్టమునుండి వత్తియో సన్నని దారముగా తీయుదురు. ఈ మైనపుదారమును మట్టిగుజ్జు చుట్టును వరుసగా, సందు లేకుండ చుట్టుకొని పోవుటయే ఓజపనికి గుఱుతు. కన్ను కావలసినచో దారమును చుట్టగా చుట్టి అంటింతురు. జడ కావలసినచో రెండు దారములను పెనవేయుదురు. నగలకు చిన్న గుండ్లు చేసి అతుకుదురు. పోతపోసిన పిదప ఇత్తడిమీద కానవచ్చు ఆ గీతలన్నియు చెక్కినవి కావు. మైనపుదారముల వరుసలే యట్లు నిలిచినవి. ఉలి తగిలిన గీతకును, దారపు గీతకును ఉన్న భేదమును ఒకసారి పట్టినవానికి అసలును నకలును వేఱుచేయుట సులభము. అచ్చులో ఒత్తి తీసిన నకలులో వరుసలు లోతు తక్కువగాను, చివరలు మొద్దుబాఱియు ఉండును.

మైనపుబొమ్మపైని మొదట పట్టించు మన్ను మిక్కిలి మెత్తనిది. మైనపుదారపు ప్రతి సందులోనికిని ఈ పూత దిగవలెను. బొమ్మ ముఖము చక్కగా వచ్చుట దీనిమీదనే ఆధారపడును. అది ఆఱిన పిదప రెండవ పూత. అటుపిమ్మట ముతకమన్నుతో మందమైన పూత. మైనము బయటికి పోవుటకును, లోహము లోనికి వచ్చుటకును ఒక త్రోవ విడుతురు. ఇటుపై అచ్చును నిప్పుమీద కాచినచో మైనము కరగి పోయి, లోగుజ్జునకును పైపూతకును నడుమ మైనమంత మందపు ఖాళీ మిగులును. మూసలో ఇత్తడిని కరగించి, అచ్చు వేడిగా నుండగానే అందు పోయుదురు. ఇత్తడి కరగుటకు తొమ్మిదివందల డిగ్రీలకు మించిన వేడి కావలెను. చల్లని అచ్చులో పోసినచో లోహము సగము దారిలో గడ్డకట్టి చేతులో కాళ్లో కొఱవడును. కొన్నిదేశములలో మూసనే అచ్చునకు మూతివద్ద మన్నుతో అతికి, రెంటిని కలిపి కాచి, లోహము కరగినంతనే తలక్రిందు చేయుదురు. పోయుటకు వేఱుగ పనిలేదు. బస్తరు, వంగదేశముల పనివారిలో ఈ రెండు తెఱగులును కలవు.

ఎంత మైనమునకు ఎంత ఇత్తడి కావలెనను లెక్క పనివాని కెల్లప్పుడు ముఖ్యము. తేనెమైనము నీటికంటె కొంచెము తేలిక. ఇత్తడి నీటికి సుమారు 8.5 రెట్లు బరువు. కావున తులము మైనమునకు ఇంచుమించు 9 తులముల ఇత్తడి పట్టును. త్రోవలో నిలిచిపోవుదానికి మఱికొంత చేర్చుకొనవలెను. ఈ తూకపులెక్క మన పూర్వులు గ్రంథస్థము చేసినదే. కల్యాణిచాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు (1126-1138) రచించిన మానసోల్లాసమున ప్రతిమను మైనముతో చేయుట, మైనమును ముందుగా తూచియుంచుకొనుట, మన్నును ముమ్మాఱు పూయుట, ఒక్కొక్క పూత ఆఱిన పిదప మఱియొకటి వేయుట, మైనపు తూకమునకు ఇన్నిరెట్లని ఆయా లోహములను కొనుట, ఇవన్నియు వివరింపబడినవి. శిల్పశాస్త్రములు దీనినే మధూచ్ఛిష్టవిధాన మనును. మధూచ్ఛిష్టమన తేనె తీయగా మిగిలినది, అనగా మైనము. కల్యాణి రాజధానికిని ఈ కొండలకును పక్షిదారిని దూరము గొప్పది కాదు. గ్రంథము చదువని ఓజుని చేతిలో ఆ గ్రంథములోని క్రమమే యున్నది. శాస్త్రమును చూచి పనివాడు నేర్చెనా, పనివానిని చూచి రాజు వ్రాయించెనా యన్నచో రెండవదియే సంభావ్యము.

ఈ విద్య పాతదని చెప్పుటకు మొహెంజొదారోలో 1926లో దొరకిన నాట్యకత్తె ప్రతిమను చూపుట వాడుక. అది పదిన్నర సెంటిమీటర్ల కంచుబొమ్మ, మైనపుపోతయే. మనకు మఱింత చేరువగా, మహారాష్ట్రమునందలి దైమాబాదున 1974లో కంచు రథము, ఏనుగు, ఖడ్గమృగము, మహిషము దొరకినవి. అవియు నిట్టివే. ఐనను వీనినిబట్టి ఓజుల వంశము సింధుతీరమునుండి తెగకుండ వచ్చినదని చెప్పుట సాహసము. మైనము, మన్ను, నిప్పు ఉన్న చోట్లనెల్ల మనుష్యులు ఈ ఉపాయమును కనుగొనిరి. పడమటి ఆఫ్రికాలోని బెనిన్ నగరపు ఇత్తడిపనియు మైనపుపోతయే. పద్ధతి ఒక్కటైనంతమాత్రమున వంశ మొక్కటి కాదు. అమ్మకపు కాగితములలో కానవచ్చు నాలుగువేల యేండ్ల ప్రతాపమునకు వస్తువుయొక్క విలువతో పనిలేదు.

దక్షిణాది దేవాలయముల పోతకును దీనికిని గల భేదము నొకింత చెప్పవలెను. స్వామిమలై స్థపతులు పోయు ఉత్సవవిగ్రహములు సాధారణముగా గట్టిపోతలు. లోపల మట్టిగుజ్జు లేదు, మైనపుబొమ్మ అంతయు లోహమగును. పోసిన పిదప ఉలితోను ఆకురాతితోను నెలలకొలది చెక్కుదురు. ఓజపని గుల్లపోత, పోసిన పిదప తోముట తప్ప చెక్కుట స్వల్పము. లోహము అరుదైన కొండలలో ఇది సహజమైన పొదుపు. తెలంగాణముననే పేరుపొందిన పెంబర్తి ఇత్తడిపని వేఱొక మార్గము; అది రేకును కొట్టి ఉబ్బెత్తు బొమ్మలుగా తీర్చునది, పోత కాదు.

తెలుగున ‘మూసపోసినట్లు’ అన్న మాటకు అన్నియు ఒకే తీరుగా నుండుట యని అర్థము. ఓజపనిలో ఈ సామెత తలక్రిందగును. బొమ్మను తీయుటకు అచ్చును పగులగొట్టక తప్పదు; మైనము ముందే పోయినది. ఒక అచ్చునకు ఒక్క బొమ్మయే. పది నందులు కావలసినచో పదిమాఱులు మొదటినుండి చేయవలెను. పదియు పది తీరులుగా వచ్చును. ఇత్తడి చేరక పోత చెడినచో చేసిన పనియంతయు పోయినట్లే. మిగులునది లోహము మాత్రమే, దానిని మరల మూసలో వేయుదురు.

ఇట్టిది బ్రదుకుతెరువుగా నిలుచుటకు కొనువారు కావలెను. పూర్వము కొనువారు ఆ కొండలవారే. దేవతకు, పెండ్లికి, పశువులకు కావలసినది ఓజుడు పోసియిచ్చెను. ఎవరికొఱకు చేయుచున్నాడో వానికి తెలియును. బొమ్మ తప్పుగా వచ్చినచో ఏ గోత్రమువారు ఏమందురో కూడ తెలియును. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను వియన్నావాసి 1940 ప్రాంతముల హైదరాబాదు సంస్థానమున చిక్కుపడి, ఈ కొండలలో తిరిగి, 1948లో ఆదిలాబాదు రాజగోండులనుగూర్చి గ్రంథమును ప్రకటించినప్పుడు చూచిన జీవనము ఇట్టిదే. 1940లో కుమ్రం భీము జోడేఘాటు వద్ద మరణించిన పిదపనే నిజాము ప్రభుత్వమునకు కొండవారి భూముల సంగతి పట్టినది. హైమెన్‌డార్ఫ్ సలహాలు, మార్లవాయిలో గోండీభాషాబోధనతో గురువుల శిక్షణకేంద్రము, ఆ వెనుకటివి. మార్లవాయి ఉషేగాం వలెనే జైనూరు ప్రాంతపు పల్లె. గుస్సాడి నాట్యమున పేరుపొంది 2021లో పద్మశ్రీ పురస్కారమందిన కనకరాజు ఆ ఊరివాడు. ఆయన 2024లో కాలధర్మము నొందెను.

కర్మాగారపు అల్యూమినియము, స్టీలు సామానులు సంతకు వచ్చిన పిదప ఇంటివాడుక వస్తువులకు ఓజుని అడుగువారు తగ్గిరి. మిగిలినది దేవతలపని, అదియు ఏటికి కొలది. కేస్లాపూరున పుష్యమాసపు అమావాస్యకు మెస్రం వంశమువారు జరుపు నాగోబా జాతరకు వేలకొలది జనులు వత్తురు; కాని దేవతాప్రతిమ తరతరములు నిలుచునది, ఏటేట కొనునది కాదు. అందుచే ఓజుడు నగరమువైపు చూడవలసివచ్చెను. నగరమువాడు అడుగునది వేఱు. బల్లమీద పెట్టుటకు చిన్నది కావలెను, బహుమానమిచ్చుటకు ఒకే తీరువి ఇరువది కావలెను, తేదీకి అందవలెను. గుస్సాడివాని నెమలియీకల కిరీటము, కికిరి వాయించు పరధానుడు, ఎడ్లబండి మొదలగునవి బొమ్మలైనవి ఈ గిరాకీవలననే. దేవతను పోసిన చేయి ఇప్పుడు దేవతను కొలుచువానిని పోయుచున్నది. దీనిని పతనమనుట సులభము; కాని తన పొరుగువాని నడకను, నాట్యమును చూచి బొమ్మచేయుట ఓజునికి క్రొత్త స్వాతంత్ర్యమే. ఇబ్బంది వచ్చినది ‘ఒకే తీరువి ఇరువది’ అను కోరికతో. దానిని తీర్చబోయినచో మైనమును అచ్చులో ఒత్తవలసివచ్చును. ఒత్తినచో దారము పోవును. దారము పోయినచో జీడిమెట్ల కొలిమికిని ఉషేగాం కొలిమికిని భేదము వేడిలోనే మిగులును.

ఇట్టి చిక్కునకు ఇతరులు కనుగొన్న త్రోవలు రెండు చెప్పదగియున్నవి. వంగదేశపు శిల్పి మీరా ముఖర్జీ (1923-1998) జర్మనీలోని మ్యూనికున శిల్పము నభ్యసించియు, తిరిగివచ్చి బస్తరు పోతగాండ్రవద్ద శిష్యరికము చేసెను. మైనపుదారపు విద్యను ఆమె నిలువెత్తు ప్రతిమలకు మించిన పరిమాణమునకు తీసికొనిపోయెను. దేశమునందలి లోహశిల్పులనుగూర్చి ఆమె వ్రాసిన గ్రంథము 1978లో వెలువడినది. పనివానివద్ద నేర్చితినని చెప్పిన శిల్పి ఆమె. ఐనను చిత్రశాలలలో ప్రతిమక్రింద పేరుండునది ఆమెది. ఓజుని బొమ్మక్రింద ‘డోక్రా, ఆదిలాబాదు’ అని మాత్రమే యుండును.

రెండవ త్రోవ జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ది. ఇతడు మధ్యప్రదేశమునందలి పాటన్‌గఢ్ గ్రామపు పరధానుడు. అనగా మన కొండలలోని కికిరి గాయకుల సాటివాడే. చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ ప్రేరణచే 1982లో తెఱచిన భోపాలు భారతభవనమునకు వచ్చి, పాటలోని దేవతలను కాగితముపైని, గుడ్డపైని రంగులతో వ్రాసెను. 1989లో పారిసు నగరపు గొప్ప ప్రదర్శనలో అతని చిత్రము లుంచబడినవి. అతని వెనుక ఆ ఊరి యువకులు, స్త్రీలు ఎందరో చిత్రకారులైరి. తమ పేళ్లను చిత్రములపైని వ్రాసికొనిరి. అతడు 2001లో జపానునందలి ఒక చిత్రశాలలో పనిచేయుచుండగా పరదేశముననే ప్రాణములు విడిచెను. అతనినుండి ఓజులు గ్రహింపదగినది రంగులు కాదు, పేరు. ఒక్కొక్క ఓజుని దారపు చుట్టు ఒక్కొక్క తీరు. కన్నుచుట్టను ఎడమకు త్రిప్పువాడు, కుడికి త్రిప్పువాడు వేఱు. చేయినిబట్టి పేరు చెప్పగల పని ఇది. మైనముమీద గుఱుతువేసినచో ఇత్తడిమీద అది తరుగక నిలుచును. దీనికి ఖర్చు లేదు.

2018 నాటి భౌగోళిక సూచిక ఇతర ప్రాంతపువారు ఆదిలాబాదు పేరుపెట్టుకొని అమ్ముటను మాత్రము నివారించును. తేనెమైనమునకు వెల తగ్గించుట, బొగ్గు సమకూర్చుట, బేరగాని లాభమును కుదించుట దాని పని కాదు. 2016లో పూర్వపు ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైనది. జైనూరు కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాకు చేరినది. కాబట్టి ఉషేగాం నేడు ఆదిలాబాదు జిల్లాలో లేకయే ‘ఆదిలాబాద్ డోక్రా’ను పోయుచున్నది. ఊరు తనది కాదు, పేరు తనది కాదు. పని మాత్రము తనది.

సాహిత్యపరిశోధకులకు ఇందు పనిగలదు. నార్నూరు ప్రాంతపు గుంజాలలో గోండీలిపిలోని వ్రాతప్రతులు దొరకి, జయధీర్ తిరుమలరావు మొదలగువారి కృషిచే పండితలోకమునకు తెలిసి, ఆ లిపి 2018లో ప్రపంచలిపుల సంకేతపట్టికలో చేరినది. కొండవారికి వ్రాత లేదను నమ్మకము దీనితో పోయినది. ఓజుల మాటలను అట్లే కూర్చువారు కావలెను: మన్నులలో భేదములకు, మైనపు పాకమునకు, చుట్టలకు, చెడిన పోతలకు వారు పెట్టిన పేళ్లు నిఘంటువుల కెక్కలేదు. అవి గోండీవో, మరాఠీవో, తెలుగువో విడదీసినచో ఓజులు ఎటునుండి వచ్చిరను ప్రశ్నకు దైమాబాదు రథముకంటె మంచి సాక్ష్యము దొరకును.

ఇంకొక సాక్ష్యము బొమ్మలలోపలనే యున్నది. గుల్లపోతయందు మట్టిగుజ్జు తఱుచుగా లోపల మిగిలిపోవును. కాలిన మన్ను ఎన్నియేండ్లక్రిందట నిప్పు చూచినదో దానిని మరల వేడిచేసి, వెలువడు వెలుతురును కొలిచి తెలిసికొను పద్ధతి శాస్త్రజ్ఞులకు కలదు. లోహమునకు అట్టి సులభోపాయము లేదు. హైదరాబాదు మాసబ్ట్యాంకువద్ద గిరిజనుల వస్తుప్రదర్శనశాల యున్నది. పల్లెలలో దేవతలగుడిసెలలో పాతప్రతిమలున్నవి. నగరపు ఇండ్లలోను కొన్ని చేరినవి. వీనిని శుభ్రపఱచువారు లోపలి నల్లమన్నును మురికి యని గీకి పాఱవేయుట కలదు. ఆ మన్నును కదపక యుంచవలెను. పై ఇత్తడిని చింతపండుతో తోమినను బొమ్మ అడుగుననున్న రంధ్రమును నీటికి అందనీయరాదు.